"చదువుకోవాల్సింది" - ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలి?

ఈ నెల గోడపత్రికలో ఇంగ్లీషు గ్రామరు పాఠం రాయడం నా వంతు. జరిగిపోయిన దాని గురించి "అయ్యో, అట్లా చేసి ఉంటే బాగుండేది" అని మనం బాధపడతాం కదా, దాన్ని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో రాస్తున్నాను. ఆరో తరగతి చెల్లెళ్ళు కూడా చదవాలని ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను. గోడ ముందు నిలబడి నోటితో పైకి చదవండి. సిగ్గుపడితే ఇంగ్లీషు రాదు.

ఈ బాధకు ఇంగ్లీషులో రిగ్రెట్ అని పేరు. లైబ్రరీలోని నిఘంటువులో చూస్తే విచారము, పశ్చాత్తాపము అని ఉంది. మన ఇళ్ళల్లో ఎవరూ పశ్చాత్తాపము అనరు. "పోవాల్సింది", "అడగాల్సింది", "అమ్మకుండా ఉండాల్సింది" అంటారు, అంతే. ఆ చివర ఉన్న "ఆల్సింది" లోనే బాధంతా ఉంటది. దానికి సరిపోయే ఇంగ్లీషు మాట షుడ్ హ్యావ్. దాని తరవాత వర్బ్ మూడో రూపం రావాలి. గో, వెంట్, గాన్ అని మనం కంఠతా పట్టిన వాటిలో మూడోది. "ఐ షుడ్ హ్యావ్ గాన్" అంటే "నేను పోవాల్సింది" అని అర్థం. "ఐ షుడ్ హ్యావ్ వెంట్" అంటే తప్పు, వెంట్ రెండో రూపం.

ఇక్కడ ఒక తమాషా ఉంది. "ఐ షుడ్ హ్యావ్ గాన్" అనే వాక్యంలో నాట్ లేదు, కానీ మనిషి పోలేదు. "ఐ షుడ్ నాట్ హ్యావ్ గాన్" లో నాట్ ఉంది, కానీ మనిషి పోయింది. అంటే వాక్యం ఒకటి చెప్తది, జరిగింది దానికి తలకిందులు. పరీక్షలో "డిడ్ షి గో?" అని కింద ప్రశ్న ఇస్తే చాలామంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. ఇంకొకటి, తొందరగా పలికితే షుడ్ హ్యావ్ అనేది "షుడావ్" లాగా వినపడతది. అది విని షుడ్ తరవాత హ్యావ్ బదులు ఆఫ్ అని రాసేవాళ్ళు ఇంగ్లీషు దేశంలో కూడా ఉన్నారట. మనం రాయొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. తెలుగులో "చదువుకోవాల్సింది" అంటే ఎవరు చదువుకోవాల్సింది? నేనా, నువ్వా, ఆమెనా? మాటలో తెలియదు. "చదివాను, చదివావు, చదివింది" అన్నప్పుడు మాట చివరన మనిషి తెలుస్తది. "ఆల్సింది" మాత్రం అందరికీ ఒకటే. ఇంగ్లీషు అట్లా ఊరుకోదు. ఐ, యూ, షి, దే, ఎవరో ఒకరిని ముందు నిలబెట్టకుండా వాక్యం మొదలే కాదు. ఎవరు చేయాల్సిన పని ఎవరు చేయలేదో తేల్చి చెప్పమంటది. ఇది నాకు మొదట కష్టం అనిపించింది. తరవాత మంచిదే అనిపించింది. ఎందుకో చెప్తాను.

మా అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. అది మా గూడెం బడి. ఆరో తరగతికి వాగు దాటి నాలుగు కిలోమీటర్లు పోవాలి. వానాకాలం వాగు వస్తే రెండు మూడు రోజులు ఎవరూ దాటరు. ఇంట్లో చిన్న తమ్ముడు, అమ్మమ్మ కూలికి పోతే వాణ్ణి ఎత్తుకునే మనిషి లేదు. అట్లా 2001లో అమ్మ బడి మానేసింది. ఇప్పుడు బ్యాంకు కాగితం వచ్చినా, ఆస్పత్రి చీటీ వచ్చినా నా చేతికి ఇచ్చి "చదువుకోవాల్సింది" అంటది. తప్పు చేసినట్టు తల వంచుకొని అంటది.

ఈ మాటను నేను నోటుబుక్కులో ఇంగ్లీషులోకి రాసి చూశాను. మొదటిది "ఐ షుడ్ హ్యావ్ స్టడీడ్". గ్రామరు సరిగ్గానే ఉంది. కానీ ఈ వాక్యం ప్రకారం మా అమ్మకు చదివే వీలు ఉంది, ఆమే చదవలేదు అని అర్థం వస్తది. అది నిజం కాదు. రెండోది "దే షుడ్ హ్యావ్ సెంట్ మీ టు స్కూల్". అంటే వాళ్ళు నన్ను బడికి పంపాల్సింది. తెలుగులో కూడా "చదువుకోవాల్సింది" వేరు, "చదివించాల్సింది" వేరు, చూడండి. మధ్యలో "ఇంచు" వచ్చేసరికి బాధ్యత ఇంకొకరి మీదికి పోయింది. మూడోది "ఐ హ్యాడ్ టు స్టాప్". అంటే "మానెయ్యాల్సి వచ్చింది".

హ్యాడ్ టు, షుడ్ హ్యావ్ రెండిటికీ తేడా బాగా గుర్తు పెట్టుకోవాలి. తెలుగులో "పోవాల్సింది", "పోవాల్సి వచ్చింది" దగ్గర దగ్గరగా వినపడతాయి, అర్థంలో మాత్రం ఏమీ పొత్తు లేదు. "పోవాల్సింది" అంటే పోలేదు, "పోవాల్సి వచ్చింది" అంటే ఇష్టం లేకున్నా పోయింది. షుడ్ హ్యావ్ తరవాత మూడో రూపం వస్తది. హ్యాడ్ టు తరవాత మొదటి రూపమే వస్తది, స్టాప్, గో, సెల్ అని. షుడ్ హ్యావ్ లో తప్పు ఉంటది, హ్యాడ్ టు లో తప్పు ఉండదు, వేరే దారి లేకపోవడం ఉంటది.

దసరా సెలవులకు పోయినప్పుడు ఈ మూడు వాక్యాలు అమ్మకు చదివి అర్థం చెప్పాను. నీది మూడోది అమ్మా, మొదటిది కాదు అన్నాను. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తా "ఇంగ్లీషులో ఇంతుందా?" అని నవ్వింది. అమ్మమ్మ మాత్రం పక్కన కూర్చొని "పంపించాల్సిందే, నేనే పంపలేదు" అన్నది. అంటే ఇప్పుడు తప్పు అమ్మమ్మ మీదికి వచ్చింది. కానీ అమ్మమ్మది కూడా హ్యాడ్ టు నే కదా. ఆ రోజు కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. ఇట్లా ఒక్కొక్కరినే దాటుకుంటా పోతే చివరికి వాగు దగ్గర ఆగుతాం. ఆ వాగు మీద వంతెన ఉంటే? వంతెన కట్టాల్సింది ఎవరు? మా అమ్మ కాదు, అమ్మమ్మ కాదు.

సరే, పాఠంలోకి వద్దాం. ఇంకో పద్ధతి ఐ విష్. "ఐ విష్ ఐ హ్యాడ్ స్టడీడ్" అంటే "నేను చదివి ఉంటే బాగుండేది". విష్ తరవాత హ్యాడ్, దాని తరవాత మూడో రూపం. ఇందులో తప్పు ఎవరిది అనే ప్రశ్న రాదు, ఊరికే కోరిక, అదీ తీరనిది. అందుకే మా అమ్మ మాటకు ఇది కూడా బాగానే సరిపోతది. ఇంకా గట్టిగా చెప్పాలంటే ఇఫ్ ఓన్లీ అని మొదలుపెట్టాలి. "ఇఫ్ ఓన్లీ దేర్ హ్యాడ్ బీన్ ఎ బ్రిడ్జ్!" ఒక్క వంతెన ఉండి ఉంటే! దీనికి చివర ఆశ్చర్యార్థకం పెడతారు.

విష్ తో జాగ్రత్త. "ఐ విష్ మై మదర్ న్యూ ఇంగ్లీష్" అంటే మా అమ్మకు ఇప్పుడు ఇంగ్లీషు వచ్చి ఉంటే బాగుండు అని. అక్కడ న్యూ రెండో రూపం, అయినా చెప్పేది ఇప్పటి సంగతి. పోయిన కాలం సంగతి కావాలంటే "హ్యాడ్ నోన్" అనాలి. విష్ కు, హోప్ కు కూడా తేడా ఉంది. విష్ దాదాపు కాని దానికి, హోప్ అయ్యేదానికి. ఈ హోప్ తో పని చివరన పడతది.

తరవాతది ఇఫ్ వాక్యం. పుస్తకంలో థర్డ్ కండిషనల్ అని ఉంటది, పేరు చూసి భయపడొద్దు. ఒక ముక్కలో ఇఫ్, హ్యాడ్, మూడో రూపం. ఇంకో ముక్కలో వుడ్ హ్యావ్, మూడో రూపం. ఇఫ్ ముక్కలో వుడ్ రాకూడదు. దీనికి ఉదాహరణ మా నాయనమ్మ చెప్పిన వరద. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటికీ అంత నీరు మళ్ళీ రాలేదు. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. అంటే మూడో హెచ్చరిక మీద ఇంకా 22 అడుగులకు పైగా నీరు అన్నమాట. మా నాయనమ్మ అప్పుడు కొత్త కోడలు. ఇక్కడిదాకా ఏనాడూ నీళ్ళు రాలేదు అని పెద్దవాళ్ళు కదలలేదట. రాత్రికి రాత్రి గుట్ట ఎక్కారు. మనుషులు బతికారు, కట్టేసిన ఎద్దులు పోయాయి. నాయనమ్మ ఆ ఎద్దుల పేర్లు ఇప్పటికీ చెప్తది. "ఇఫ్ వుయ్ హ్యాడ్ లెఫ్ట్ ది డే బిఫోర్, వుయ్ వుడ్ నాట్ హ్యావ్ లాస్ట్ ది ఆక్సెన్." ముందు రోజే కదిలి ఉంటే ఎద్దులు పోయేవి కావు.

2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. ఈసారి రెండో హెచ్చరికకే నాయనమ్మ మేకలకు తాళ్ళు విప్పి గుట్ట మీదికి తోలింది. ఎవరి మాటా వినలేదు. మేం ఆమె వెనకాల పోయాం. ఇప్పుడు వాక్యం ఇట్లా వస్తది: "ఇఫ్ వుయ్ హ్యాడ్ నాట్ లెఫ్ట్, వుయ్ వుడ్ హ్యావ్ లాస్ట్ ది గోట్స్." కట్టు అదే, కానీ ఇందులో బాధ లేదు, హమ్మయ్య అనేది ఉంది. కాబట్టి థర్డ్ కండిషనల్ చూడగానే రిగ్రెట్ అని రాయకండి, జరిగింది మంచా చెడా చూసి రాయండి.

వుడ్ హ్యావ్ బదులు మైట్ హ్యావ్ కూడా పెట్టొచ్చు. వుడ్ అంటే తప్పకుండా జరిగేది, మైట్ అంటే జరిగేదేమో. విద్యాహక్కు చట్టం 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు పెట్టారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అని అందులో ఉంది. అది మా అమ్మ చిన్నప్పుడే వచ్చి ఉంటే? "షి మైట్ హ్యావ్ స్టడీడ్" అని రాస్తాను, వుడ్ అని రాయను. చట్టం వచ్చినంత మాత్రాన వాగు ఎండిపోదు కదా.

ఇక రిగ్రెట్ అనే మాటనే వాడే పద్ధతి. ఇది ఎక్కువగా ఆఫీసు కాగితాల్లో కనపడతది. రిగ్రెట్ తరవాత ఇంగ్ రూపం వస్తే చేసిన పనికి బాధ. "ఐ రిగ్రెట్ సెల్లింగ్ ది గోట్" అంటే మేకను అమ్మినందుకు బాధపడుతున్నాను. టు వస్తే ఇప్పుడు చెప్పబోయే చెడు వార్తకు మర్యాద. "వుయ్ రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ" అని ఉత్తరం మొదలైతే మిగతాది చదవకముందే సీటు రాలేదని తెలిసిపోతది.

రైలు స్టేషనులో విన్నారా? మనకు దగ్గరి స్టేషను పేరు భద్రాచలం రోడ్, ఉండేది మాత్రం కొత్తగూడెంలో. అక్కడ రైలు ఆలస్యమైతే మైకులో "ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్" అని వస్తది. తెలుగులో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటారు. తెలుగులో కనీసం "ము" ఉంది, మేము అని తెలుస్తది. ఇంగ్లీషులో ప్యాసివ్ వాయిస్ పెట్టి ఎవరు చింతిస్తున్నారో దాచేశారు. ఇంగ్లీషు మనిషిని ముందు నిలబెడతది అన్నాను కదా, ప్యాసివ్ వాయిస్ అనే ఈ దొడ్డిదారి కూడా దానికి ఉంది.

మనకూ ఇట్లాంటి దారి ఉంది. మా పెద్దవాళ్ళు "భూమి పోయింది" అంటారు. భూమికి కాళ్ళు ఉన్నాయా పోవడానికి? మా ముత్తాత అప్పు తీసుకున్న చోట ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు, తరవాత ఆ చెలక వేరేవాళ్ళు దున్నారు. అది 1970 తరవాతి సంగతి. అప్పటికే ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉంది, దాన్ని 1970లో ఇంకా గట్టిచేశారు. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలో ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్ళ పేరు మీదికి మారడం చెల్లదు. ఇంట్లో ఇప్పటికీ "తాత వేలిముద్ర వెయ్యకుండా ఉండాల్సింది" అంటారు. నేనైతే "దే షుడ్ నాట్ హ్యావ్ టేకెన్ ది ల్యాండ్" అని రాస్తాను. చదువు రాని మనిషిని ముందు నిలబెట్టి, చదువు వచ్చినవాళ్ళను వాక్యం వెనక దాచడం నాకు నచ్చలేదు.

రిగ్రెట్ అనడానికి, సారీ అనడానికి తేడా తెలియాలంటే ఆస్ట్రేలియా సంగతి తెలుసుకోవాలి. అక్కడ కూడా మనలాంటి ఆదివాసులు ఉన్నారు. సుమారు 1910 నుంచి 1970 వరకు అక్కడి ప్రభుత్వాలు చాలామంది ఆదివాసీ పిల్లలను తల్లుల దగ్గర నుంచి తీసుకుపోయి, అనాథాశ్రమాల లాంటి చోట్ల, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పెట్టాయి. ఎందరో సొంత భాష మరిచిపోయారు, కొందరికి అమ్మ ఎవరో కూడా తెలియలేదు. వాళ్ళను స్టోలెన్ జెనరేషన్స్ అంటారు. స్టీల్, స్టోల్, స్టోలెన్, చూడండి, ఆ పేరులోనే మూడో రూపం ఉంది. 1999లో అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ పార్లమెంటులో తీర్మానం పెట్టాడు. అందులో రిగ్రెట్ అనే మాట ఉంది, క్షమాపణ లేదు. జరిగినదానికి బాధపడుతున్నాం అన్నారు గానీ తప్పు మాది అనలేదు. ఎనిమిదేళ్ళకు పైగా గడిచాక, 2008 ఫిబ్రవరి 13న, ప్రధాని కెవిన్ రడ్ అదే పార్లమెంటులో నిలబడి సారీ చెప్పాడు, అపాలజైజ్ అనే మాట కూడా వాడాడు. ఆ పిల్లల్లో ముసలివాళ్ళైన కొందరు అక్కడ కూర్చొని విన్నారు. ఒక్క మాట మారడానికి ఎనిమిదేళ్ళకు పైగా పట్టింది. మాటల తేడా చిన్నది అనుకోకండి.

మనమూ ఇల్లు విడిచి హాస్టల్లోనే ఉన్నాం కదా అని ఒక అక్క అడిగింది. మనల్ని ఎవరూ ఎత్తుకు రాలేదు. మా అమ్మ సీటు కోసం మూడుసార్లు బస్సెక్కి తిరిగింది. ఆదివారం ఆదివారం ఫోనులో మన మాట మనం మాట్లాడుకుంటున్నాం. కాబట్టి అది వేరు, ఇది వేరు.

చివరిగా ఒక ముఖ్యమైన నియమం. షుడ్ హ్యావ్, విష్ హ్యాడ్, ఇవన్నీ తలుపు మూసుకుపోయిన పనులకే వాడాలి. ఇంకా వీలున్నదానికి వాడితే తప్పు. ఇందాకటి వంతెన సంగతే తీసుకోండి. ఆ వాగు మీద ఇప్పటికీ వంతెన లేదు. మా అమ్మ కోసమైతే "దే షుడ్ హ్యావ్ బిల్ట్ ఇట్". మా చెల్లి ఇప్పుడు నాలుగో తరగతి. ఆమె కోసమైతే "దే షుడ్ బిల్డ్ ఇట్". హ్యావ్ తీసేయాలి, మొదటి రూపం పెట్టాలి.

పోయిన ఏడు మన తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి సంక్రాంతి సెలవులకు పోయి మళ్ళీ రాలేదు. ఇంట్లోవాళ్ళతో మిరపకాయలు ఏరడానికి పోయింది. ఇంగ్లీషులో నాకన్నా ముందుండేది. హాస్టల్లో ఆమె మాట వచ్చినప్పుడల్లా "పాపం, చదువుకోవాల్సింది" అంటున్నారు. ఆమెకు 14 ఏళ్ళు. 14 ఏళ్ళ మనిషికి షుడ్ హ్యావ్ ఏంటి? "షి షుడ్ కమ్ బ్యాక్" అనాలి. "ఐ హోప్ షి కమ్స్" అనాలి, ఐ విష్ అనకూడదు. బడి మానేసిన ఆడపిల్లలను చేర్చుకోవడానికే 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలుపెట్టారు. అదీ కాకపోతే ఓపెన్ స్కూలులో పదో తరగతి కట్టవచ్చు. ఈ రెండు సంగతులూ రాసి ఆమెకు ఉత్తరం వేశాను. ఆ గూడెం నుంచి వచ్చే చెల్లెళ్ళు ఈసారి పోయినప్పుడు నోటితో కూడా చెప్పండి.

ఓపెన్ స్కూలులో పదో తరగతి రాయడానికి ఎంత వయసు దాటినా ఫరవాలేదు అని మా సారు చెప్పారు. అది కూడా మా అమ్మకు ఫోనులో చెప్పాను. "తునికాకు అయినాక చూద్దాం" అన్నది.

అభ్యాసం: వీటిని ఇంగ్లీషులో రాయండి. ముందు ఎవరు అనేది తేల్చుకోండి, తరవాత తలుపు మూసిందా తెరిచి ఉందా చూసుకోండి. నిన్న గొడుగు తెచ్చుకోవాల్సింది. మేకను అమ్మాల్సి వచ్చింది. మాకు ముందే చెప్పాల్సింది. ఇప్పపువ్వు ఎండకముందే వాన రాకుండా ఉంటే బాగుండేది. నాయనమ్మ మేకలు విప్పకపోతే అవి పోయేవి. బోరింగు బాగు చేయించాలి. భూమి పోయింది.

చివరి వాక్యానికి ఒకటి కన్నా ఎక్కువ జవాబులు రాయవచ్చు. కాగితం మీద పేరు, తరగతి రాసి గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో శనివారం లోపల వెయ్యండి. సరైన జవాబులు వచ్చే నెల పత్రికలో.